గోదావరి గట్టున రెండు రాత్రులు

దక్షిణ ఢిల్లీలో 'సరాయ్' అన్న మాట చివర చేరిన ఊళ్ళు చాలా ఉన్నాయి. కాలూ సరాయ్, జియా సరాయ్, కట్వారియా సరాయ్, లాడో సరాయ్, యూసఫ్ సరాయ్, నేబ్ సరాయ్ అంటూ బస్సు కండక్టరు వరుసగా అరుస్తూ ఉంటే కొత్తవారికి ఏది ఎక్కడో తెలియక తికమకగా ఉంటుంది. సరాయి అంటే పూర్వం బాటసారులు, వర్తకులు తమ గుర్రాలతో ఒంటెలతో సహా రాత్రి తలదాచుకొన్న విడిది. మన సత్రం వంటిదే. ఈ సరాయిలలో ఒకటి బేర్ సరాయ్. బేర్ అంటే హిందీలో రేగుపండు. మేమున్న వీధిలో రేగుచెట్టు ఒక్కటీ లేదు గాని, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణానికి చేరువగా ఉన్న ఆ ఊరినిండా పుస్తకాల దుకాణాలు, జిరాక్సు యంత్రాలు, సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే యువకులు మాత్రం లెక్కకు మించి ఉండేవారు. అద్దె గదులలో రెండేళ్ళో మూడేళ్ళో ఉండి వెళ్ళిపోయే ఆ పిల్లలను చూస్తే సరాయి అన్న పేరు ఇప్పటికీ తగినదే అనిపించేది.

మన సంస్థ ఢిల్లీ కార్యాలయానికి బదిలీపై వెళ్ళినప్పుడు నేను, నా సహోద్యోగి మిత్రుడు ఒకరు ఆ ఊరిలో ఒకే ఇంట రెండు అంతస్తులలో అద్దెకు దిగాము. ఇంటి యజమాని అరవై అయిదేళ్ళు దాటిన పెద్దమనిషి, బేర్ సరాయ్‌లోనే పుట్టి పెరిగినవారు. అక్కడి పిల్లలందరూ ఆయనను 'తావూజీ' అని పిలిచేవారు. పెదనాన్నగారిని హిందీవారు అలా పిలుస్తారు. మేమూ అలాగే పిలిచాము. ఆయన భార్య మాకు 'తాయీజీ'. సాయంత్రం వేళ మెట్లమీద హుక్కా ముందు పెట్టుకొని కూర్చుని, తెలుగువారు పప్పులో ఇంత చింతపండు ఎందుకు వేసుకుంటారని మమ్మల్ని అడుగుతూ ఉండేవారు.

2018లో గణతంత్ర దినోత్సవం శుక్రవారం నాడు వచ్చింది. శని, ఆదివారాలు కలిపితే మూడు రోజులు. దానికి రెండు మూడు రోజుల సెలవు జత చేస్తే ఎల్.టి.సి. మీద స్వగ్రామం చూసి రావచ్చునని మా మిత్రుడు లెక్క వేశారు. ఆయనది గోదావరి ఎడమ గట్టున, అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలంలోని ఒక చిన్న ఊరు. తల్లిగారు ఒంటరిగా అక్కడే ఉండేవారు. "ఈ ఏడు రండి. వచ్చే ఏడు ఊరు ఉంటుందో ఉండదో" అని ఆయన అన్న మాటతో మా రెండు కుటుంబాలూ ప్రయాణానికి సిద్ధమైనాయి. మాట తావూజీ చెవిన పడింది. "నది అంటే నేను యమునను చూశాను. అది నదో కాలువో మీకే తెలుసు. నన్ను కూడా తీసుకొని వెళ్ళండి" అన్నారు. అలా పెద్దలు పిల్లలు కలిసి పదకొండుగురము బయలుదేరాము.

రైలు ప్రయాణం గురించి విస్తరించి వ్రాయను. ఢిల్లీ నుంచి ఆంధ్రదేశానికి వచ్చే రైలులో ఏమి జరుగుతుందో మన పాఠకులలో చాలామందికి అనుభవమే. కొవ్వూరు దాటి బండి వంతెన మీదకు రాగానే పెట్టెలోని వారంతా కిటికీల వద్దకు చేరి నదికి నమస్కరించారు. పెద్దవారు చిల్లర నాణాల కోసం జేబులు వెదికారు. పక్కన కనిపించేది 1900లో ప్రారంభమై 1997 వరకూ రైళ్ళను మోసిన హేవలాక్ వంతెన. దానికి 56 ఖాళీలు ఉన్నాయని చెప్పి మా పెద్దమ్మాయి లెక్కపెట్టబోయి ముప్ఫై దగ్గర తప్పిపోయింది. తావూజీ మాత్రం మాట్లాడలేదు. వంతెన అయిపోయిన తరువాత, "ఇదంతా ఒకే నదా?" అని అడిగారు.

రాజమహేంద్రవరం నుంచి ఎడమ గట్టు వెంబడి ఎగువకు వెళ్ళాము. అవతలి వైపు నది నడుమ పట్టిసీమ కొండ, దానిమీద వీరభద్రస్వామి ఆలయం కనిపించాయి. ఇంకా పైకి పోతే పోలవరం. ఎటు చూసినా మట్టి గుట్టలు, క్రేనులు, బారులు తీరిన టిప్పర్లు. మాది కూడా పెద్ద యంత్రాల మధ్య బ్రతికే సంస్థ కనుక మేమిద్దరము లోపల లోపల ఆ పనిని మెచ్చుకొంటూనే చూశాము. నది అడుగున గట్టిగోడ కట్టి, దానిపై మట్టిరాతి ఆనకట్ట లేపి, పక్కన కొండలను తొలిచి 48 గేట్ల స్పిల్‌వే నిర్మించి, నదినే దారి మళ్ళించటం సామాన్యమైన పని కాదు. పూర్తి నీటిమట్టం 150 అడుగులని, మీటర్లలో 45.72 అని మా మిత్రుడికి నోటికి వచ్చు. ఊళ్ళోని పసిపిల్లలకూ వచ్చునని ఆయన అన్నారు. ఎవరి గడప ఎంత ఎత్తున ఉన్నదో అందరూ కొలుచుకొని ఉన్నారట. పనులకు దగ్గరగా ఉన్న పైడిపాక, చేగొండపల్లి, దేవరగొంది వంటి ఊళ్ళు అప్పటికే ఖాళీ అయినాయి.

గండిపోచమ్మ అమ్మవారి ఆలయం వద్ద దర్శనం చేసుకొని మేము మాట్లాడుకొన్న చిన్న లాంచీ ఎక్కాము. గోదావరి మీద లాంచీ నడిపేవానిని సరంగు అంటారు. మా సరంగు నలభై ఏళ్ళ మనిషి. అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కొనేవరకూ ఇంజను తిప్పలేదు. ఉక్కపోస్తున్నదని మా ఆవిడ విప్పబోతే, "అమ్మగారూ, తప్పదండి. మీరు విప్పితే పిల్లలూ విప్పుతారండి" అన్నాడు. అతని మీద నాకు అక్కడే గౌరవం కలిగింది.

మధ్యాహ్నానికి ముందే మిత్రుని ఊరి రేవుకు చేరాము. ప్రాథమిక పాఠశాలలో జెండా వందనం మా కోసమే ఆలస్యం చేసినట్లున్నది. ఇరవై ముప్ఫై మంది పిల్లలు ఎండలో వరుసగా నిలబడి ఉన్నారు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దవారని తావూజీని ప్రధానోపాధ్యాయులు రెండు మాటలు మాట్లాడమన్నారు. రాజపథం మీద జరిగే కవాతును ఆయన రోజూ చూస్తారని పిల్లల నమ్మకం. ఆయన హిందీలో, "నేను ఢిల్లీలోనే పుట్టాను, కాని కవాతు ఎప్పుడూ టీవీలోనే చూశాను. దగ్గరగా చూసిన గణతంత్ర దినోత్సవం ఇదే" అన్నారు. మా చిన్నమ్మాయి దానిని తెలుగు చేసి చెప్పగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి అది తావూజీకి దుబాసీ అయింది.

మిత్రుని తల్లిగారిని ఊరంతా 'మామ్మగారు' అనే పిలుస్తారు. వయస్సు డెబ్భై పైన. పెంకుటిల్లు, ముందు మట్టి అరుగు, పెరట్లో కొబ్బరిచెట్లు, రేవుకు దిగే దారిలో పెద్ద చింతచెట్టు. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, ఆవకాయ, సంక్రాంతికి చేసిన అరిసెలలో దాచి ఉంచినవి విస్తళ్ళలో వడ్డించారు. అన్నం చేతితో కలపటం తాయీజీకి కొత్త. మామ్మగారు పక్కన కూర్చుని పప్పులో నెయ్యి వేసి ముద్ద ఎలా చేయాలో చూపించారు. తాయీజీ తమ సంచీలోంచి చలికాలపు ఢిల్లీ మిఠాయి గజక్ తీసి ఇచ్చారు. "ఇది మన నువ్వుల జీడే కదమ్మా" అన్నారు మామ్మగారు. పులస చేప తినిపించలేకపోతున్నానని మిత్రుడు విచారించారు. అది శ్రావణ మాసపు ఎర్రనీటిలో ఎదురీదే చేప. మాఘ మాసంలో అడిగేవాడు అమాయకుడు.

ఆ రాత్రి అరుగుమీద పడుకొన్నాము. నది చప్పుడు రాత్రివేళ ఇంత ఉంటుందని నాకు తెలియదు. మామ్మగారు మాత్రం, "ఏ చప్పుడండీ?" అని అడిగారు.

శనివారం ఉదయం మామ్మగారిని కూడా ఎక్కించుకొని పాపికొండల వైపు బయలుదేరాము. రెండు కొండల వరుసల మధ్య నది పాపిట వలె కనిపిస్తుంది కనుక పాపిడి కొండలని, అదే పాపికొండలైనదని స్థానికులు చెబుతారు. ఈ అడవి 2008లో జాతీయ ఉద్యానవనమైంది, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైన. రాజమహేంద్రవరం వద్ద మూడు కిలోమీటర్ల దాకా పరచుకొన్న నది ఇక్కడ కొండల మధ్య ఇరుక్కొని, వెడల్పులో కోల్పోయినదంతా లోతులో తీర్చుకొంటుంది. బాపు, రమణలు 1973లో 'అందాల రాముడు' చిత్రం కోసం పడవ మీద భద్రాచలం దాకా ఒక ఊరంత జనాన్ని తీసుకొని వెళ్ళింది ఈ దారినే. ఆ చిత్రం చూసిన తరం మా లాంచీలో నలుగురమున్నాము. పిల్లలకు మాత్రం 2006లో వచ్చిన 'గోదావరి' చిత్రమే తెలుసు. ఏది గొప్పదన్న వాదన దేవీపట్నం దాటేవరకూ తెగలేదు.

కచ్చులూరు వద్ద సరంగు మాటలు ఆపేశాడు. అక్కడ నీరు కొండకు గుద్దుకొని మలుపు తిరుగుతుంది, సుడులు లేస్తాయి. "ఈ మందం దాటేదాకా పలకరించకండి బాబూ" అన్నాడు. చలికాలపు నది కనుక పైకి నిశ్చలంగానే ఉన్నది. అయినా చుక్కాని మీద అతని చేతులు బిగుసుకోవటం నేను చూశాను. 2019 సెప్టెంబరు 15న సరిగ్గా అక్కడే, అయిదు లక్షల క్యూసెక్కుల వరదలో వెళ్తున్న పర్యాటక పడవ మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. పడవను పైకి తీయటానికి అయిదు వారాలు దాటింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న దానిని ఒడ్డుకు లాగింది. ఆ వార్త ఢిల్లీలో టీవీలో చూసినప్పుడు నాకు ఆ సరంగు చేతులే గుర్తుకు వచ్చాయి. వరద రోజులలో నదిమీదకు వెళ్ళవద్దని అతడు మాకు చెప్పిన మాట అప్పటికి ఏడాదిన్నర పాతది.

పేరంటాలపల్లిలో బాలానందస్వామి వారి ఆశ్రమం, శివాలయం చూశాము. కొండమీది సెలయేరు నీరు ఆశ్రమంలోకి వస్తుంది. ఆలయ నిర్వహణలో స్థానిక కొండరెడ్లదే ప్రధాన పాత్ర. వారు అల్లిన వెదురు బుట్టలు, పూలసజ్జలు రేవు వద్ద అమ్ముతున్నారు. బేరం ఆడవద్దని మామ్మగారు ముందే హెచ్చరించారు. తాయీజీ రెండు బుట్టలు కొన్నారు. అవి ఇప్పటికీ బేర్ సరాయ్ ఇంట్లో ఉల్లిపాయలు మోస్తున్నాయి.

సాయంత్రానికి కొల్లూరు ఇసుక తిన్నెమీద దిగాము. వెదురు గుడిసెలు, పక్కన కొండవాగు, ఎదుట నది. బొంగులో మాంసం కూరి నిప్పులమీద కాల్చే వంట అక్కడి ప్రత్యేకత. ఆకుకూరలు తప్ప తినని తావూజీ కోసం మరొక బొంగులో అన్నం, పెసరపప్పు వండించాము. జనరేటరు కొంతసేపు తిరిగి ఆగిపోయింది. అది ఆగిన తరువాతనే మాకు ఆ చోటు కనిపించింది. ఏకాదశి నాటి వెన్నెల. అవతలి ఒడ్డు కొండ ఆకాశంకన్నా నల్లగా, నది కొండకన్నా తెల్లగా ఉన్నది. అక్కడికి ఎంతో దిగువన, ఇదే నీరు సముద్రంలో కలిసే అంతర్వేదిలో, నరసింహస్వామి కల్యాణోత్సవాలు జరిగే రోజులు. పూర్వం పెనిమిటితో కలిసి అంతర్వేదికి వెళ్ళిన సంగతి మామ్మగారు చెప్పారు. తరువాత ఇసుకమీద చాప పరచుకొని తావూజీ, మామ్మగారు, మధ్యలో దుబాసీగా మా చిన్నమ్మాయి కూర్చున్నారు. మేము కొంచెం దూరంగా ఉండి వింటున్నాము.

ముందు మామ్మగారే అడిగారు. "మీ ఊరు కూడా తీసుకొన్నారటగా, మా వాడు చెప్పాడు."

తావూజీ తలూపారు. తన తండ్రి కాలంలో బేర్ సరాయ్ చుట్టూ పొలాలుండేవని, గోధుమ, సజ్జ పండేవని చెప్పారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రాజధాని పెరిగింది. విద్యాసంస్థలకు, కార్యాలయాలకు, ఫ్లాట్లకు స్థలం కావలసి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల పొలాలన్నీ ప్రభుత్వం సేకరించింది. తమ పొలం ఉన్న చోట ఇప్పుడు ఒక సంస్థ భవనం ఉన్నదని, దాని గేటువద్ద కాపలావాడు తనను గుర్తింపు కార్డు చూపించమంటాడని ఆయన నవ్వుతూ చెప్పారు. పిల్ల ఆ నవ్వును కూడా తెలుగు చేయటానికి ప్రయత్నించింది.

"మరి ఇల్లు?"

"ఇల్లు మిగిలింది. లాల్ డోరా లోపల ఉన్నది కనుక."

లాల్ డోరా అంటే ఎర్రదారం. పల్లెలో జనం నివసించే మేరను పూర్వం రెవెన్యూ పటాలలో ఎర్రగీత గీచి గుర్తించేవారు. ఆ గీతకు అవతల ఉన్న సాగుభూమి పోయింది. లోపలి ఇళ్ళు నిలిచాయి. ఢిల్లీ నడిబొడ్డున ఇరుకు సందులతో, ఒకదానిమీద ఒకటి లేచిన అంతస్తులతో నేటికీ పల్లెలు మిగిలి ఉండటానికి కారణమిదే. మేము అద్దెకున్న ఇల్లు, పుస్తకాల దుకాణాలు, జిరాక్సు యంత్రాలు అన్నీ ఆ దారం లోపలివే. పొలం పోయిన కుటుంబాలు చాలావరకు ఈ అద్దెల మీదనే నిలదొక్కుకొన్నాయి.

మామ్మగారు చాలాసేపు ఆలోచించారు. "మాకు గీత లోపలా బయటా లేదు బాబూ. అంతా నీళ్ళే" అన్నారు. కొంతసేపటికి, "మీ ఊరి దేవత ఏమైంది?" అని అడిగారు.

ఆ వైపు పల్లెలలో ఊరు కాచే భూమియా దేవతకు చిన్న గుడి ఉంటుంది. తమ గుడి ఇప్పటికీ ఉన్నదని, ఇంట్లో దూడ పుట్టినా కోడలు వచ్చినా ముందు అక్కడ దీపం పెడతారని, దూడలు పోయినాయి గాని కోడళ్ళు వస్తూనే ఉన్నారని తావూజీ చెప్పారు. మామ్మగారి ముఖంలో మొదటిసారి తెరిపి కనిపించింది. "పేరో?" అని అడిగారు. పేరు ఉన్నదన్నారు తావూజీ. బస్సు బోర్డులమీద, ఉత్తరాలమీద, పిల్లల దరఖాస్తులమీద బేర్ సరాయ్ అనే ఉంటుంది.

తరువాత తావూజీ సలహా ఒకటి చెప్పారు. నాకు మాట మాటగా గుర్తున్నది. వారి కుటుంబానికి పరిహారం వచ్చినప్పుడు ఆయన చిన్నాన్నలు ఒకరు లారీ కొన్నారు, ఒకరు పెళ్ళిళ్ళు చేశారు. రెండూ మూడేళ్ళలో ముగిశాయి. "డబ్బు గురించి నేను చెప్పను. అందరూ చెబుతారు. మీరు అధికారులను ఒక్కటి అడగండి. ఊరును ముక్కలు చేయవద్దనండి. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఇప్పుడున్నదో కొత్తచోట కూడా అలాగే ఇమ్మనండి. మా పొలం పోయింది గాని సాయంత్రం మెట్లమీద కూర్చుంటే పలకరించే మనిషి పోలేదు. అందువల్ల బ్రతికాను" అన్నారు.

చిన్నమ్మాయి ఇదంతా చెప్పటం పూర్తిచేసి, అక్కడే మామ్మగారి ఒడిలో తల పెట్టుకొని నిద్రపోయింది. దుబాసీ లేని తరువాత కూడా వారిద్దరూ మరికొంతసేపు కూర్చున్నారు. ఏమి మాట్లాడుకొన్నారో, అసలు మాట్లాడుకొన్నారో లేదో నాకు తెలియదు.

ఆ రాత్రి మా మిత్రుడు, నేను నిద్రపోలేదు. ఆనకట్ట కట్టవద్దని ఆయన అనరు. దిగువన లక్షల ఎకరాలకు నీరు కావాలి. ధవళేశ్వరం వద్ద 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తికాకపోతే గోదావరి జిల్లాలలో అన్నం ఎక్కడిది అని ఆయనే అంటారు. మన టౌన్‌షిప్పుల కింద, మన కర్మాగారాల కింద కూడా ఒకప్పుడు ఊళ్ళు ఉండేవన్నది మనకు తెలియనిది కాదు. మన క్యాంటీనులో, గేటువద్ద, మెషిన్ షాపులో 'నిర్వాసితుల కోటా' కింద చేరిన వారు మన సహోద్యోగులే. పోలవరం కింద ఇల్లు కదిలించవలసిన కుటుంబాలు లక్షకు పైగా అని ప్రభుత్వ లెక్క. అయితే ఒక ఊరిని తీసుకొనేటప్పుడు ఎకరాలు, ఇటుకలు, చెట్లు లెక్కపెట్టే మన పద్ధతిలో పక్కింటివాడిని లెక్కపెట్టే గడి ఎక్కడా లేదు. ఇది నా అభిప్రాయం. కాదనేవారు ఉంటే ఈ పత్రికలోనే వ్రాయవచ్చు.

ఆదివారం ఉదయం వాగులో స్నానాలు చేసి, దిగువకు తిరిగి వచ్చాము. మామ్మగారిని రేవులో దింపినప్పుడు తావూజీ లాంచీ దిగి, చింతచెట్టు దాకా నడిచి, కింద రాలిన కాయ ఒకటి ఏరి జేబులో వేసుకొన్నారు. మా పప్పులో చింతపండు గురించి ఆయన ఆ తరువాత ఎన్నడూ అడగలేదు.

తదనంతర విషయాలు క్లుప్తంగా చెబుతాను. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే వైపు మళ్ళించారు. జూలైలో వరద ఇంకా పెద్దది కాకముందే వెనుకనీరు దేవీపట్నం మండలపు ఊళ్ళలోకి వచ్చింది. మామ్మగారు అప్పటికే సామాను కట్టి ఉంచుకొన్నారు. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరువాత అంతటి మట్టం అదే. టీవీలో నీటిలో మునిగిన గండిపోచమ్మ ఆలయాన్ని చూపించినప్పుడు తావూజీ మాకు ఫోను చేశారు. అప్పటికి మేమిద్దరమూ బదిలీపై తిరిగి వచ్చేశాము. "మామ్మాజీ ఎక్కడున్నారు?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న.

మామ్మగారు గోకవరం వైపు పునరావాస కాలనీలో ఉన్నారు. కాంక్రీటు కప్పు, కుళాయి, ఇంటి ముందు సిమెంటు దారి. ఇళ్ళు కేటాయించే రోజున ఆమె తమ వీధి ఆడవారిని వెంటబెట్టుకొని వెళ్ళి అధికారుల ముందు కూర్చున్నారట. తమ వీధిలో పదకొండు ఇళ్ళు. వాటిలో ఏడు ఇప్పుడు ఒకే వరుసలో ఉన్నాయి. మిగిలిన నాలుగు వేరే వీధులలోకి వెళ్ళాయి. ఆ నలుగురి పేర్లు చెప్పేటప్పుడు ఆమె గొంతు మారుతుంది. అమ్మవారి విగ్రహాన్ని వరద రాకముందే తెచ్చుకొన్నారు, గుడి మాత్రం ఇంకా కట్టవలసి ఉన్నది. రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టటం లేదని, చప్పుడు లేకపోతే తోచదని ఒకసారి మా ఆవిడతో అన్నారు.

కచ్చులూరు దుర్ఘటన తరువాత నిలిచిపోయిన పర్యాటక లాంచీలు తరువాత తనిఖీలతో, నిబంధనలతో మళ్ళీ మొదలైనాయి. వెళ్ళదలచిన మన ఉద్యోగ మిత్రులు కార్తీకం తరువాత, ఎండలు ముదరకముందు వెళ్ళటం మంచిది. వరద హెచ్చరిక ఉన్ననాడు టిక్కెట్టు డబ్బు పోయినా సరే మానుకోవాలి. లైఫ్ జాకెట్టు ఫొటోల కోసం విప్పరాదు. పిల్లలకు వారి కొలతది దొరికేవరకూ లాంచీ ఎక్కరాదు. లాంచీలు ఎక్కడ ఆగుతాయో, ఎంత దూరం వెళ్తాయో నీటిమట్టాన్ని బట్టి మారుతున్నది కనుక ముందుగా విచారించుకొని బయలుదేరాలి.

మొన్న సంక్రాంతికి మామ్మగారిని చూడబోయినప్పుడు, మన విభాగం వారు కొందరు కుటుంబాలతో పాపికొండలకు వెళ్ళాలనుకొంటున్నారని చెప్పాను. "వెళ్ళిరమ్మనండి బాబూ. దేవీపట్నం దాటాక సరంగును అడగమనండి. మా చింతచెట్టు ఎక్కడుండేదో వాడికి తెలుసు. అక్కడ కాస్త మెల్లగా నడుపుతాడు" అన్నారు.